అజ్ఞాత యంత్రానికి ప్రారంభోత్సవం

2007 జూలైలో గ్రేటర్ నోయిడాలోని ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో సిస్టమ్స్ మేనేజరుగా చేరాను. హోదా వినసొంపుగానే ఉండేది. పనులు మూడు. కాలేజీకి వచ్చే ఇంటర్నెట్ లీజు లైను పడిపోకుండా చూడటం, హాస్టలువాళ్ళు ఆ లైనంతా సినిమాలతో నింపెయ్యకుండా కాపలా కాయడం, డైరెక్టరుగారి ప్రింటరు మొరాయిస్తే పరుగెత్తుకు వెళ్ళడం. వార్షిక నివేదికలో నాకు మంచి మాట పడింది మూడో పనికే.

మాది పాలకొల్లు దగ్గర పల్లె. కాపురం మయూర్ విహార్‌లో. నా భార్య కృప దక్షిణ ఢిల్లీలో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రిలో ఐసీయూ నర్సు. పొద్దున్నే నేను కాలేజీ బస్సెక్కి ఒక దిక్కుకు, ఆమె ఆసుపత్రి వ్యానెక్కి యమున దాటి ఇంకో దిక్కుకు వెళ్ళేవాళ్ళం.

నేను చేరిన కొన్నాళ్ళకు కాలేజీకి గుర్తింపు కమిటీ వస్తుందని కబురొచ్చింది. కమిటీ పంపిన ఫారంలో 'అంతర్జాతీయ సహకారం' అని ఒక గడి ఉంది. ఆ గడి ఖాళీగా పంపడం డైరెక్టరు డాక్టర్ సక్సేనాగారికి ఇష్టం లేదు. అన్ని విభాగాలవాళ్ళనూ పిలిచి, మీ దగ్గర అంతర్జాతీయం ఏముందో చెప్పమన్నారు. సివిల్ విభాగంవాళ్ళు నేపాల్ నుంచి వచ్చి చదువుకుంటున్న ఒక విద్యార్థిని చూపించారు. లైబ్రేరియను పాత విదేశీ పత్రికల కట్ట చూపించాడు. నేను రిలే ఒకటి పెట్టవచ్చని చెప్పాను.

రిలే అంటే ఏమిటో ఇక్కడే చెప్పేస్తాను. మనం ఇంటర్నెట్‌లో ఎక్కడికి వెళ్ళినా మన కనెక్షను చిరునామా, అంటే ఐపీ అడ్రసు, అవతలివాళ్ళకు తెలిసిపోతుంది. అది తెలియకూడదనుకునేవాళ్ళ కోసం స్వచ్ఛందంగా నడిచే అజ్ఞాత నెట్‌వర్క్ ఒకటి ఉంది. దేశదేశాల్లో మనుషులు తమ కంప్యూటర్లను దానికి కేటాయిస్తారు. అలాంటి ఒక్కొక్క కంప్యూటరూ ఒక రిలే. మనం పంపినది మూడు రిలేల మీదుగా పోతుంది. మొదటిదానికి మనం ఎవరమో తెలుసు, ఎక్కడికి పోతున్నామో తెలియదు. చివరిదానికి ఎక్కడికో తెలుసు, ఎవరో తెలియదు. మధ్యదానికి రెండూ తెలియవు. మా కాలేజీ పాలకవర్గంలో ఈ మధ్యదాని రకంవాళ్ళు చాలామందే ఉండేవారు.

చివరి రిలేను ఎగ్జిట్ అంటారు. బయటికి కనిపించేది దాని చిరునామా ఒక్కటే. ఎవడో ఎక్కడో కూర్చుని ఎవరినో తిడితే, తిట్టినట్టు కనిపించేది ఎగ్జిట్ నడిపేవాడే. అందువల్ల ఎగ్జిట్ నడపడానికి కొన్ని పద్ధతులున్నాయి. దానికి వేరే ఐపీ అడ్రసు కేటాయించాలి. ఆ అడ్రసు తెరిచి చూసేవాళ్ళకు 'ఇది అజ్ఞాత నెట్‌వర్క్ రిలే, ఇక్కడ వాడుకరుల వివరాలు ఏవీ ఉండవు' అని ఒక పేజీ కనిపించాలి. ఫిర్యాదులకు సమాధానం చెప్పే మనిషి పేరు పెట్టాలి. లైను ఇచ్చిన కంపెనీకి ముందే చెప్పాలి. ఎవరు వచ్చారు, ఎటు పోయారు అన్న రికార్డు యంత్రంలో ఉంచకూడదు.

ఇదంతా డైరెక్టరుగారికి వివరంగా చెప్పాను. చెడ్డపేరు మన అడ్రసుకే వస్తుందని రెండుసార్లు చెప్పాను. ఆయన శ్రద్ధగా విని రెండు ప్రశ్నలు వేశారు. మొదటిది, దీనికి విదేశాలవాళ్ళతో ఒప్పందం మీద సంతకాలుంటాయా? ఉండవన్నాను. రెండోది, ఫోటో తీయించుకోవచ్చా? యంత్రాన్ని తీయించుకోవచ్చన్నాను. ఆయన ఫైలు మీద 'ఆమోదించబడింది' అని రాశారు.

2008 జనవరిలో రిలేకు ప్రారంభోత్సవం జరిగింది. ఛైర్మన్‌గారు వచ్చి రిబ్బను కత్తిరించారు. సర్వరు గదిలో యూపీఎస్ పక్కన దీపం వెలిగించవద్దని నేను బతిమాలితే, దీపాన్ని గుమ్మం బయటికి జరిపారు గానీ కొబ్బరికాయ మాత్రం లోపలే కొట్టారు. గోడకు ఇత్తడి ఫలకం బిగించారు. 'అంతర్జాతీయ అజ్ఞాత నెట్‌వర్క్ కేంద్రం' అని పైన, దాని కింద ఛైర్మన్‌గారి పేరు, డైరెక్టరుగారి పేరు, ముగ్గురు డీన్‌ల పేర్లు. పేర్లు తెలియకుండా ఉండటం కోసం పుట్టిన యంత్రానికి ఇన్ని పేర్లు తగిలించిన చోటు ప్రపంచంలో ఇంకొకటి ఉండదు. రిబ్బను కత్తిరిస్తున్న ఫోటో గుర్తింపు నివేదికలో నిండు పేజీగా అచ్చయింది.

యంత్రం బాగా నడిచింది. నెలకు మూడు నాలుగు ఫిర్యాదులు వచ్చేవి. ఏదో దేశంలో ఏదో చర్చా వేదికలో ఎవడో బూతులు రాశాడని, మీ అడ్రసు నుంచే వచ్చాయని. ముందే రాసిపెట్టుకున్న మర్యాదైన జవాబు పంపేవాణ్ణి. ప్రతి ఫిర్యాదు నకలూ డైరెక్టరుగారికి పంపాలని నియమం. ఆయన వాటిని చదవకుండానే 'విదేశీ ఉత్తర ప్రత్యుత్తరాలు' అనే ఫైలులో పెట్టించారు. కమిటీ వచ్చినప్పుడు ఆ ఫైలు లావు చూసి మెచ్చుకుందని విన్నాను.

ఇంతవరకూ నవ్వుకోవలసింది వాళ్ళను చూసే. ఇకమీద నన్ను చూసి.

మార్చిలో ఒక ఆదివారం మధ్యాహ్నం, చర్చిలో ఆరాధన అయ్యాక, సువార్త మా ఇంటికి వచ్చింది. ఆమె కృప పనిచేసే ఆసుపత్రిలోనే నర్సు. గుండె రక్తనాళాల్లోకి గొట్టం పంపి పరీక్ష చేసే క్యాథ్ ల్యాబులో ఇన్‌చార్జి. నరసాపురం వైపు మనిషి. మా సంఘంలోనే సభ్యురాలు. నన్ను అన్నయ్యా అనేది. భోజనం చేసింది. కంచం తీశాక చెప్పింది.

"అన్నయ్యా, మా దగ్గర ఒకసారి వాడి పారెయ్యాల్సిన గొట్టాల్ని కడిగి మళ్ళీ వాడుతున్నారు. కొత్త కవర్లో పెట్టి సీలు వేస్తున్నారు. పోయిన నెలలో ముగ్గురికి చలిజ్వరాలొచ్చాయి. ఒకాయన చనిపోయాడు. దీనివల్లే అని నేను చెప్పలేను. కాదని కూడా చెప్పలేను."

కృప తలూపింది. ఆ ముగ్గురూ ఆమె ఐసీయూకే వచ్చారు.

సువార్త సూపరింటెండెంటుకు చెబితే, పెద్దవాళ్ళ నిర్ణయాల్లో వేలు పెట్టవద్దన్నారట. ఆసుపత్రులకు లైసెన్సులిచ్చే ప్రభుత్వ కార్యాలయానికి రాయాలని ఆమె ఉద్దేశం. పేరు పెట్టి రాస్తే ఉద్యోగం పోతుంది. ఊళ్ళో తమ్ముడి చదువు, తండ్రి మందులు అన్నీ ఆ ఉద్యోగం మీదే. సైబర్ కేఫ్‌కు వెళ్తే గుర్తింపు కార్డు అడుగుతున్నారు. "పేరు తెలియకుండా రాసే దారేదో మీ కాలేజీలో ఉందని కృపక్క చెప్పింది" అంది.

నాకు గర్వం కలిగింది. నిజం దాచి లాభం లేదు. ప్రారంభోత్సవం నాడు ఛైర్మన్‌గారి ముఖంలో చూసి నేను నవ్వుకున్న గర్వం కూడా ఇలాంటిదే.

నా లాప్‌టాప్ తెచ్చి ఆ నెట్‌వర్క్ ప్రోగ్రాము తెరిచాను. మామూలుగా అయితే మూడు రిలేలనూ ప్రోగ్రామే తనకు తోచినట్టు ఎంచుకుంటుంది, కాసేపటికి మారుస్తుంది. కావాలంటే చివరి రిలే ఫలానాదే అయి ఉండాలని మనం బిగించవచ్చు. నేను మా కాలేజీ రిలేను బిగించాను.

దానికి నా దగ్గర కారణం ఉంది. ఆ రోజుల్లో చాలా ఈ-మెయిల్ సైట్లు పాస్‌వర్డు వరకే తాళం వేసేవి. లోపలి ఉత్తరం తాళం లేకుండా పోయేది. ఎగ్జిట్ నడిపేవాడు దుర్బుద్ధి గలవాడైతే ఆ ఉత్తరం చదవగలడు. ఎవరో ముక్కూ మొహం తెలియనివాడి ఎగ్జిట్‌ను నమ్మడం కంటే నాది నయం కదా అనుకున్నాను. పైగా వేగం. మిగతా ఎగ్జిట్‌లు నత్తనడక నడిచేవి.

కృప వెనక నిలబడి చూస్తోంది. "మీ కాలేజీ మీదుగానే ఎందుకు?" అని అడిగింది.

"ఎవణ్ణో ఎందుకు నమ్మాలి? ఇది మన యంత్రం" అన్నాను.

ఇరవై ఏళ్ళ నా వృత్తి అనుభవం అడగని ప్రశ్న ఒక నర్సు అడిగింది. నేను జవాబు చెప్పాననుకున్నాను. సువార్త కొత్త మెయిల్ ఖాతా తెరిచి ఇంగ్లీషులో రెండు పేజీల ఉత్తరం రాసింది. తేదీలు, గొట్టాల బ్యాచ్ నంబర్లు, కడిగే గది ఎక్కడుందో అన్నీ రాసింది. పంపింది. టీ తాగి వెళ్ళింది.

ఆ కార్యాలయం ఉత్తరాన్ని ఏం చేసిందో తర్వాత తెలిసింది. పేరు లేని ఫిర్యాదుల మీద చర్య తీసుకోరాదని వాళ్ళకు నియమం. అలాగని పారెయ్యడానికీ నియమం లేదు. అందుకని మధ్యేమార్గంగా దాన్ని 'తగు చర్య నిమిత్తం' అని రాసి ఆసుపత్రికే పంపించారు. దొంగతనం జరిగిందని ఫిర్యాదిస్తే, కాగితాన్ని విచారణకు దొంగగారికే పంపినట్టు. ఉత్తరంతోపాటు దాని తలకట్టు కూడా పూర్తిగా పంపారు. తలకట్టు అంటే ఉత్తరం ఏ దారిన వచ్చిందో చెప్పే సాంకేతిక వరసలు. ఆ వరసల్లో మా కాలేజీ రిలే ఐపీ అడ్రసు ఉంది.

ఏప్రిల్ చివర్లో ఢిల్లీ పోలీసు సబ్-ఇన్‌స్పెక్టరు ఒకాయన కాలేజీకి వచ్చాడు. పేరు దహియా. నలభై దాటిన మనిషి, మెల్లగా మాట్లాడేవాడు. ఢిల్లీ పోలీసులు ఉత్తరప్రదేశ్‌లో అడుగు పెట్టాలంటే స్థానిక పోలీసులకు చెప్పి రావాలి కనుక వెంట ఇక్కడి హెడ్ కానిస్టేబులు కూడా ఉన్నాడు. కేసు గురించి ఆ హెడ్ కానిస్టేబులు ఒక్క ముక్క మాట్లాడలేదు. తన మేనల్లుడికి మెకానికల్ బ్రాంచిలో సీటు దొరుకుతుందా అని మాత్రం అడిగాడు.

డైరెక్టరుగారి గదిలో నన్ను పిలిచారు. ఆసుపత్రి పరువు తీసే ఉత్తరం మా అడ్రసు నుంచి వెళ్ళిందని, రాసినవాళ్ళెవరో కావాలని దహియా చెప్పాడు. డైరెక్టరుగారు నాకంటే ముందే జవాబిచ్చారు. "తప్పకుండా. రాజూజీ సాయంత్రానికల్లా లిస్టు ఇచ్చేస్తారు."

లిస్టు లేదన్నాను.

"లేకపోతే తయారు చెయ్యండి."

లేనిదాన్ని తయారు చెయ్యలేనని, రికార్డు ఉంచకపోవడమే ఈ యంత్రం పద్ధతని, ఈ సంగతి తమరు ఆమోదించిన ఫైలులోనే ఉందని విన్నవించాను. ఎవరు రాశారో ఈ యంత్రాన్ని చూసి ఎవరూ తెలుసుకోలేరని దహియాకు బొమ్మ గీసి మరీ వివరించాను. మూడు గడులు, మధ్యలో బాణాలు. ఆ మాటల్లో అబద్ధం ఒక్కటి లేదు. యంత్రాన్ని చూసి ఎవరూ తెలుసుకోలేరు. నాకు మాత్రం యంత్రాన్ని చూడనక్కర్లేదు. ఆ ఉత్తరం రాస్తున్నప్పుడు పక్కన కూర్చుని అక్షర దోషం ఒకటి దిద్దింది నేనే.

దహియా బొమ్మను మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఈ యంత్రం పాస్‌వర్డు ఎవరెవరి దగ్గర ఉందని అడిగాడు. నా ఒక్కడి దగ్గరే అన్నాను. వెళ్తూ వెళ్తూ, నా సర్వీసు ఫైలు ఒకసారి చూడవచ్చా అని డైరెక్టరుగారిని అడిగాడు. ఆయన నా ఫైలే కాదు, టీ కూడా తెప్పించారు. ఫైలు మొదటి పేజీలోనే కుటుంబ వివరాలుంటాయి. భార్య పేరు, వృత్తి, పనిచేసే చోటు.

పోలీసులు వెళ్ళాక డైరెక్టరుగారు నన్ను మళ్ళీ పిలిచి, ఈ రిలేను నేను అనుమతి లేకుండా పెట్టినట్టు పాత తేదీతో ఒక లేఖ రాసివ్వమన్నారు. రాసిచ్చేవాణ్ణేమో, ఆ గదిలో భయం అలాంటిది. కానీ ఆయన సహాయకుడే చిన్నగా దగ్గి, రిబ్బను కత్తిరిస్తున్న ఫోటోతో నివేదిక ఆరు ప్రతులు ఇప్పటికే కమిటీకి చేరాయని గుర్తు చేశాడు. డైరెక్టరుగారు లేఖ సంగతి వదిలేశారు. తర్వాత యంత్రాన్ని ఆపమన్నారు, ఫలకం ఊడదీయమన్నారు. ఫలకం వెంటనే వచ్చేసింది. నాలుగు మేకులు రాలేదు.

వారం తర్వాత దహియా ఫోను చేశాడు. అశోకా రోడ్డులో ఏదో పని మీద ఉన్నానని, అక్కడి క్యాంటీనులో మీ ఆంధ్రా భోజనం బాగుంటుందని విన్నానని, వస్తే కలిసి తిందామని. పోలీసు భోజనానికి పిలిస్తే ఆకలి లేదని చెప్పే ధైర్యం నాకు లేదు.

మధ్యాహ్నం రద్దీలో వరసలో నిలబడి కూర్చున్నాం. అతను పప్పులో నెయ్యి వేయించుకుని, గోంగూర ముట్టుకుని, నీళ్ళు తాగి, నిదానంగా చెప్పాడు. ఇది పరువు నష్టం వ్యవహారం. మేజిస్ట్రేటు అనుమతి లేనిదే అతను దర్యాప్తు చేయకూడదు. అనుమతి లేదు. ఎవరో ఎవరికో ఫోను చేస్తే, ఊరికే వెళ్ళి అడిగి రమ్మని అతన్ని పంపారు.

"రాజు సాబ్, మీ ఆవిడ రాసిందా?"

"రాయలేదు" అన్నాను. అది నిజం కనుక గట్టిగానే వచ్చింది.

"మరి ఎవరు?"

నోటిదాకా వచ్చిన మాట 'తెలియదు'. పక్క బల్ల మీద ఎవరో సాంబారు కోసం భయ్యా భయ్యా అని కేకలు వేస్తున్నారు. నా ముద్ద చేతిలోనే ఉంది. తెలియదంటే అబద్ధం. అతను నన్ను చూస్తున్న తీరులో అది అబద్ధమని అతనికి తెలిసిపోతుందని నాకు తెలుసు.

"చెప్పను" అన్నాను.

దహియా నవ్వాడు. "అచ్ఛా. ఆ రోజు డైరెక్టరు గదిలో, ఎవరూ తెలుసుకోలేరని బొమ్మ గీసి చూపించారు. అప్పుడు మీరు నిపుణులు. ఇప్పుడు చెప్పనంటున్నారు. అంటే సాక్షి. ఒక్క మాటతో ఎంత దిగిపోయారో చూశారా?"

నేను ముద్ద నోట్లో పెట్టుకున్నాను. అతను పెరుగు వేయించుకున్నాడు.

"ఆ మిషను ఎంత గొప్పదైనా కావచ్చు సాబ్. నేను దాని జోలికి పోలేదు. ఈ ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళు ఎవరికైనా మీ కాలేజీతో సంబంధం ఉందా అని ఒక్కటే వెతికాను. సగం పూట పట్టింది. ఉత్తరం జర్మనీ నుంచో జపాన్ నుంచో వచ్చి ఉంటే ఏం చేసేవాణ్ణి? ఫైలు మూసి పడుకునేవాణ్ణి. మీరేమో మీ గుమ్మంలోంచే పంపించారు."

నా వృత్తి గురించి నాకు అంత స్పష్టంగా ఎవరూ పాఠం చెప్పలేదు. చెప్పినవాడికి కంప్యూటరులో ఈ-మెయిల్ తెరవడం తప్ప ఇంకేం రాదు.

తర్వాత అతను అడిగిన ప్రశ్న, ఉత్తరంలో రాసింది నిజమేనా అని. రోగుల్ని నా భార్య కళ్ళారా చూసిందని, నిజమేనని చెప్పాను. అతను చెయ్యి కడుక్కుని వచ్చి, అయితే తన నివేదిక ఎలా రాయాలో అర్థమైందన్నాడు. 'రాసినవారి ఆచూకీ యంత్రం ద్వారా తెలియదు. ఉత్తరం పరువు నష్టం అవునో కాదో తేల్చాలంటే అందులోని సంగతులు అబద్ధమని ముందు రుజువు కావాలి. అందుకు క్యాథ్ ల్యాబు రిజిస్టర్లు, స్టోరు రిజిస్టర్లు స్వాధీనం చేసుకుని పరిశీలించవలసి ఉంటుంది.' ఈ మూడు వాక్యాలు రాస్తే చాలన్నాడు.

చాలింది. వారం తిరక్కుండా ఆసుపత్రి తన ఫిర్యాదును వెనక్కి తీసుకుంది. సమాజ సేవలో ఉన్న సంస్థగా పెద్ద మనసుతో క్షమిస్తున్నామని రాశారట.

అయితే పెద్ద మనసు కాగితం వరకే. కాలేజీ పేరు తెలిశాక, ఆ కాలేజీలో ఎవరి భర్త పనిచేస్తున్నాడో కనుక్కోవడం ఆసుపత్రి సిబ్బంది విభాగానికి దహియాకు పట్టినంత సేపు కూడా పట్టలేదు. నర్సింగ్ సూపరింటెండెంటు కృపను పిలిచి, ఈ ఉత్తరం నువ్వు రాశావా అని అడిగింది. రాయలేదంది. ఎవరు రాశారో చెప్పమంది. "మేడమ్, ఎవరు రాశారని అడుగుతున్నారు గానీ, ఎవరు కడుగుతున్నారని ఎవరూ అడగరేం?" అని కృప అంది.

మర్నాడు ఆమెను ఐసీయూ నుంచి లినెన్ స్టోరుకు మార్చారు. పద్నాలుగేళ్ళు వెంటిలేటర్ల మధ్య పనిచేసిన మనిషికి దుప్పట్లు, దిండు గలీబులు అప్పగించారు. ఉత్తర్వులో 'ఆమె అనుభవాన్ని మరింత విస్తృతంగా వినియోగించుకునే నిమిత్తం' అని రాశారు. మా డైరెక్టరుగారు రాసినా అంతకంటే బాగా రాయలేరు.

ఆ ఆదివారం సువార్త ఏడుస్తూ వచ్చింది. రేపే వెళ్ళి నేనే రాశానని ఒప్పుకుంటాను అక్కా అంది.

"ఒప్పుకుంటే నన్ను తిరిగి ఐసీయూకి పంపిస్తారనుకుంటున్నావా?" అంది కృప. "నిన్ను బయటికి గెంటుతారు, నాకు ఇంకో గది దుప్పట్లు ఇస్తారు. నోరు మూసుకుని ముందు వేరే చోట ఉద్యోగం చూసుకో. వెళ్ళేలోపు ఆ ల్యాబులో ఏం చూస్తావో తేదీలతో సహా రాసిపెట్టుకో. కాగితం మీద, చేత్తో."

ఆ చివరి మాట అంటూ నా వైపు చూసింది. నేను టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళాను.

సువార్త వెళ్ళాక కృప నన్ను తిట్టలేదు. మడత పెడుతున్న బట్టల మీంచి తల ఎత్తకుండా ఒకటే అడిగింది. "ఆ రోజు ఎవణ్ణో ఎందుకు నమ్మాలి అన్నారు. ఆ ఎవడో మన పేరైనా తెలియనివాడు కదండీ. వాడికి మనతో ఏం పని?" జవాబు చెప్పడానికి నాకు నాలుగైదు సాంకేతిక పదాలు గుర్తొచ్చాయి. నేనూ ఒక చొక్కా తీసుకుని మడత పెట్టాను.

సెప్టెంబరులో సువార్తకు గుర్గావ్‌లో ఇంకో ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. చేరిన మూడో రోజున, తన పేరు, పాత హోదా, కొత్త చిరునామా అన్నీ రాసి, సంతకం పెట్టి, అదే కార్యాలయానికి స్వయంగా వెళ్ళి ఫిర్యాదు ఇచ్చింది. నకలు మీద ముద్ర వేయించుకుంది. కౌంటరులో ఉన్నాయన ముద్ర వేయడానికి ఇష్టపడక రేపు రమ్మంటే, సాయంత్రం దాకా అక్కడే నిలబడి వేయించుకుంది.

ఈసారి ఫిర్యాదుకు పేరుంది కనుక తనిఖీకి ఉత్తర్వు అయింది. తనిఖీ బృందం వస్తుందని ఆసుపత్రికి పది రోజుల ముందే తెలిసింది. బృందం వచ్చే సరికి క్యాథ్ ల్యాబు పెళ్ళివారి విడిదిలా మెరుస్తోంది. అన్నీ సంతృప్తికరంగా ఉన్నాయని నివేదిక ఇచ్చి, భోంచేసి వెళ్ళారు.

కానీ ఆ పది రోజుల్లో గొట్టాలు కడిగే తొట్లు, సీలు వేసే యంత్రం ఆ గదిలోంచి తీసేశారు. అక్కడ మిగిలిన స్నేహితురాళ్ళ మాట ప్రకారం అవి మళ్ళీ రాలేదు. ఆ గదిలో ఇప్పుడు పాత కుర్చీలున్నాయట. ఎవరికీ శిక్ష పడలేదు, ఎవరూ తప్పు ఒప్పుకోలేదు. తొట్లు మాత్రం లేవు. సువార్త ఆ కబురు విని, చాలు అంది. కృప ఆ ఏడాది చివర రాజీనామా ఇచ్చి, ఒక మిషన్ ఆసుపత్రి ఐసీయూలో చేరింది. తనకంటే తొమ్మిదేళ్ళు చిన్న అమ్మాయి కింద, కొత్త నర్సుగా.

తర్వాత నేను రెండు చోట్ల ఉద్యోగం చేశాను. రిలే నడపడం మానలేదు. అజ్ఞాతంగా మాట్లాడవలసిన అవసరం మనుషులకు ఎందుకొస్తుందో సువార్తను చూశాక నాకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. అయితే పద్ధతి మార్చాను. సంస్థ లైను మీద పెట్టలేదు, నా పేరు మీద అద్దెకు తీసుకున్న సర్వరు మీద పెట్టాను. పది మంది కలిసి నడిపే సంఘం, న్యాయ సలహా ఇచ్చేవాళ్ళు వెనక ఉంటే తప్ప ఎగ్జిట్ జోలికి వెళ్ళకూడదనుకున్నాను. మధ్య రిలేగానే ఉంచాను.

ఈ పని మొదలుపెట్టేవాళ్ళకు నేను చెప్పేది ఇంతే. అజ్ఞాత నెట్‌వర్క్‌లో రక్షణ ఇచ్చేది నమ్మకస్తుడైన యజమాని కాదు. మనల్ని ఎరగని చాలామంది అపరిచితుల మధ్య కలిసిపోవడమే రక్షణ. కనుక రిలే నడిపేవాడు తన భార్యను, స్నేహితులను, తన సంఘంవాళ్ళను తన రిలే మీదుగా పంపకూడదు. దారిని ప్రోగ్రామునే ఎంచుకోనివ్వాలి, అది ఎంత నెమ్మదైనా సరే. 'ఎవరో నాకు తెలియదు' అనే మాట నడిపేవాడికి ఉన్న ఒకే ఒక్క రక్షణ. ఆ మాట నిజంగా తెలియనప్పుడే పనికొస్తుంది. నేను తెలిసి ఉండి ఆ మాట చెప్పబోయాను. దానికి మూల్యం నేను కాక, దుప్పట్లు మడతపెట్టిన మనిషి చెల్లించింది.